లండన్ సౌత్ బ్యాంక్: వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన నుంచి టవర్ బ్రిడ్జి దాకా నడిచి చూడడం ఎలా?

"లండన్‌లో మాకు ఒక్క రోజే ఖాళీ. టికెట్లకు పెద్దగా ఖర్చు లేకుండా ఏం చూడొచ్చు?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కే లేదు. ప్రతిసారీ ఒకటే జవాబు చెబుతున్నాను: థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, సౌత్ బ్యాంక్ వెంట నడవండి. (మా బాబాయి అయితే "ఏ బ్యాంకు, మన స్టేట్ బ్యాంకు లాంటిదా?" అన్నాడు. ఇక్కడ బ్యాంక్ అంటే ఒడ్డు అని.) ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పి విసుగొచ్చి, మొత్తం ఒకచోట రాస్తున్నాను.

దూరం దాదాపు 4 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా నడిస్తే గంట పడుతుంది. ఆగుతూ, చూస్తూ, తింటూ వెళ్తే అయిదారు గంటలు. దారి దాదాపు అంతా చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు కూడా నడవగలరు.

బయలుదేరే ముందు కావలసినవి

- కాంటాక్ట్‌లెస్ కార్డు, ఒక్కొక్కరికి ఒకటి. ఇండియా కార్డయితే వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ చూసుకుని, బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ వాడకం రెండూ ఆన్ చేసుకోండి. బస్సుల్లో నగదు తీసుకోరు.
- ఇప్పటికే అలవాటైన షూ. కొత్త షూ ఆ రోజే మొదలుపెట్టకండి.
- టోపీ ఉన్న రెయిన్ జాకెట్. నది గాలికి గొడుగు తిరగబడుతుంది.
- నీళ్ల సీసా, పవర్ బ్యాంక్.
- చిన్న బ్యాగు. పెద్ద సూట్‌కేసుతో మ్యూజియంలకు, థియేటర్లకు వెళ్తే గుమ్మం దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు. సామాను హోటల్లోనే వదిలేయండి.

ఏ రోజు, ఎన్నింటికి?

సోమవారం వద్దు. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా చాలు. ఈ దారిలోనే వచ్చే బోరో మార్కెట్ (తిండి కొట్ల బజారు), నేషనల్ పొయెట్రీ లైబ్రరీ (కవిత్వపు పుస్తకాలది) రెండూ సోమవారం మూసి ఉంటాయి. ఈ సంగతి నేను తెలుసుకోకుండా మా పిన్నీ వాళ్లను సోమవారం తీసుకెళ్లాను. "మార్కెట్‌లో తిందాం, ఆగండి" అని మూడు గంటలు ఊరించి, తీరా వెళ్లి మూసి ఉన్న కొట్ల ముందు నిలబెట్టాను. పిన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

శనివారం అన్నీ తెరిచే ఉంటాయి కానీ ఇసకేస్తే రాలనంత జనం. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా మంచిది. ఉదయం పదిన్నరకు మొదలుపెట్టండి. చలికాలం వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోవాలి: డిసెంబరు చివర్లో సాయంత్రం నాలుగు కూడా కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్‌లో తొమ్మిది దాటాక గానీ చీకటి పడదు. అదే నడక, రెండు వేర్వేరు ప్లాన్లు.

సరైన దారిలోనే ఉన్నామా? రెండు గుర్తులు

మొదటిది, నది ఎప్పుడూ మీ ఎడమచేతి వైపు ఉండాలి. కుడివైపు కనిపించిందంటే వెనక్కి నడుస్తున్నట్టే.

రెండోది వంతెనల లెక్క. వరుసగా వెస్ట్‌మిన్‌స్టర్, హంగర్‌ఫర్డ్ రైలు వంతెన (దాని రెండు పక్కలా గోల్డెన్ జూబిలీ కాలి వంతెనలు), వాటర్లూ, బ్లాక్‌ఫ్రయర్స్, బ్లాక్‌ఫ్రయర్స్ రైలు వంతెన, మిలీనియం, సదర్క్, కానన్ స్ట్రీట్ రైలు వంతెన, లండన్ బ్రిడ్జి, టవర్ బ్రిడ్జి. మొత్తం పది. ఈ వరుసను ఫోన్‌లో నోట్ చేసుకుంటే సిగ్నల్ పోయినా టెన్షన్ ఉండదు.

దారిలో స్తంభాల్లా నిలబెట్టిన మ్యాపులు కనిపిస్తాయి. వాటిని చూసే చాలామంది దారి తప్పుతారు. మనకు మ్యాపులో పైభాగం ఉత్తరం అని అలవాటు. వీటిలో అలా కాదు, మీరు ఎటు తిరిగి నిలబడితే అటున్నదే మ్యాపులో పైన ఉంటుంది. అంటే మ్యాపులో పైకి ఉన్నది మీ ఎదురుగానే ఉంది. నడిస్తే అయిదు నిమిషాల్లో చేరే దూరానికి గీసిన వృత్తం కూడా వాటి మీద ఉంటుంది.

ఇక నడక

1. వెస్ట్‌మిన్‌స్టర్ స్టేషన్‌లో దిగి వంతెన దాటండి.
ఎక్కిన స్టేషన్‌లో ఏ కార్డు ట్యాప్ చేశారో, దిగినప్పుడూ అదే చేయాలి. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోన్ చూపిస్తే, రెండిట్లో ఉన్నది ఒకే అకౌంటయినా, మెషీన్ దృష్టిలో ఇద్దరు మనుషులు. రెండు అసంపూర్తి ప్రయాణాలకు గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడమూ కుదరదు.

వంతెనకు ఆకుపచ్చ రంగు ఎందుకో తెలుసా? పార్లమెంటు దిగువ సభలో సీట్ల రంగు అది. ఎగువ సభ సీట్ల ఎరుపు పక్కనున్న లాంబెత్ వంతెనకు వేశారు.

జాగ్రత్త: ఈ వంతెన మీద మూడు కప్పుల కింద బంతి ఎక్కడుందో చెప్పమనే ఆట ఆడిస్తుంటారు. పక్కన నిలబడి గెలుస్తున్నట్టు కనిపించేవాళ్లూ ఆ ముఠావాళ్లే. ఆగి చూడకండి, మీ చూపు బంతి మీద ఉండగా జేబు ఖాళీ కావచ్చు. రంగురంగుల లైట్లతో పాటలు పెట్టుకుని తిరిగే రిక్షాలు ఎక్కితే, రేటు మనిషికా, నిమిషానికా, మొత్తానికా అన్నది ముందే తేల్చుకోండి. నన్నడిగితే ఎక్కొద్దు.

2. వంతెన దిగగానే ఎడమవైపు తిరగండి.
చివర్లో దిమ్మె మీద తెల్లని సింహం ఉంటుంది. 1837 నాటిది. రాయిలా కనిపిస్తుంది కానీ కోడ్ స్టోన్ అనే, కొలిమిలో కాల్చిన కృత్రిమ రాయి. ఒకప్పుడు ఇదే ఒడ్డున ఉన్న బీరు ఫ్యాక్టరీ మీద కూర్చునేది.

ఓపిక ఉంటే ఎడమకు తిరిగే ముందు కుడివైపు మెట్లు దిగి కాసేపు వెళ్లండి. కోవిడ్‌తో పోయినవాళ్ల కోసం ఆసుపత్రి గోడ పొడవునా ఎర్రటి గుండె బొమ్మలు వేశారు, మనిషికొకటి. 2021లో మొదలైన గోడ ఇది. కొన్నిటిలో పేర్లుంటాయి. అక్కడ సెల్ఫీలు తీసుకోకపోతే బాగుంటుంది.

తిరిగి వచ్చి కౌంటీ హాల్ ముందు నుంచి నడిస్తే లండన్ ఐ అనే జెయింట్ వీల్ వస్తుంది. ఎత్తు 135 మీటర్లు, 32 గదులు, ఒక చుట్టుకు అరగంట. గదుల నంబర్లు 33 దాకా ఉంటాయి, 13 వదిలేశారు కాబట్టి. ఎక్కాలనుకుంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. ఎక్కకపోయినా ఏమీ నష్టం లేదు, ఈ నడకలో పైనుంచి కన్నా కిందనుంచి చూసేదే ఎక్కువ. ఇక్కడ జనం మరీ ఎక్కువగా ఉంటే జూబిలీ గార్డెన్స్ లోపలి నుంచి, లేదా వెనకున్న బెల్వెడేర్ రోడ్డు మీదుగా వెళ్లి తర్వాత మళ్లీ ఒడ్డుకు రండి.

3. రాయల్ ఫెస్టివల్ హాల్ లోపలికి వెళ్లండి.
చాలామంది చేసే తప్పు, బయట నుంచి చూసి "కచేరీ హాలు కదా, టికెట్ ఉండాలేమో" అని దాటిపోవడం. హాల్లోకే టికెట్. కింది ఫోయర్లలోకి, అంటే హాలు బయటి విశాలమైన వసారాల్లోకి, ఎవరైనా వెళ్లొచ్చు, కూర్చోవచ్చు, టాయ్‌లెట్ వాడుకోవచ్చు. 1951లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ కోసం కట్టారు. ఆ ఉత్సవానికి కట్టినవాటిలో శాశ్వతంగా మిగిలింది ఈ భవనమే.

అయిదో అంతస్తులో నేషనల్ పొయెట్రీ లైబ్రరీ ఉంది, ఉచితం. పైకి మెట్లెక్కకండి, పాడే లిఫ్ట్ ఎక్కడని అడిగి దాంట్లో వెళ్లండి. లిఫ్ట్ పైకి వెళ్తుంటే బృందగానం స్వరం కూడా ఒక్కో మెట్టే పైకి వెళ్తుంది. కిందికి దిగుతుంటే స్వరమూ దిగుతుంది. మా అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు నాలుగుసార్లు ఎక్కి దిగింది. నాలుగోసారి లిఫ్ట్‌లో ఉన్న పెద్దాయన కూడా గొంతు కలిపాడు.

4. స్కేట్‌బోర్డులు, పాత పుస్తకాలు, వాటర్లూ వంతెన.
హాలు దాటగానే కాంక్రీటు కప్పు కింద, గోడల నిండా రంగులతో, చక్రాల చప్పుడు వినిపిస్తుంది. 1970ల నుంచి కుర్రాళ్లు ఇక్కడ స్కేట్ చేస్తున్నారు. ఆ చోటు వేరే పనికి వాడాలనుకుంటే పెద్ద ఉద్యమమే నడిపి 2014లో నిలబెట్టుకున్నారు. రెయిలింగ్ ఇవతల నుంచి ఎంతసేపైనా చూడండి, పిల్లల్ని లోపలికి వదలకండి.

ఆ పక్కనే వాటర్లూ వంతెన కింద బల్లల మీద పాత పుస్తకాలు అమ్ముతారు. వాన పడుతుంటే ఆగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఇక్కడ మెట్లెక్కి వంతెన మధ్యదాకా నడవడం మాత్రం మానొద్దు. నది సరిగ్గా ఇక్కడే మలుపు తిరుగుతుంది. అందుకే ఒకవైపు పార్లమెంటు, లండన్ ఐ, ఇంకోవైపు సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం, సిటీ అనే వ్యాపార ప్రాంతపు ఎత్తు మేడలు, అన్నీ ఒకే చోట నిలబడి చూడొచ్చు. డబ్బు పెట్టి ఎత్తుకెక్కేవాటికంటే నాకు ఇదే ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ వంతెన కట్టిన పనివాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే లేడీస్ బ్రిడ్జి అనే పేరూ ఉంది. చూశాక ఎక్కిన మెట్లే దిగి మళ్లీ దక్షిణపు ఒడ్డుకే రండి. ఆ ఊపులో అవతలికి దాటితే ఈ నడక అక్కడికి ఆఖరు.

5. నేషనల్ థియేటర్ నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా.
థియేటర్ 1976లో తెరిచిన కాంక్రీటు కట్టడం. నచ్చేవాళ్లకు విపరీతంగా నచ్చుతుంది, నచ్చనివాళ్లకు అస్సలు నచ్చదు. దాటాక గేబ్రియల్స్ వార్ఫ్, ఆ తర్వాత ఆక్సో టవర్. టవర్ కిటికీలు నాలుగువైపులా సున్నా, అడ్డగుణకారం, సున్నా ఆకారాల్లో ఉంటాయి. ఆక్సో అనేది మాంసం రసపు బిళ్లల కంపెనీ. టవర్ మీద ప్రకటన బోర్డుకు అనుమతి రాకపోతే, కిటికీలనే ఇంగ్లీషు అక్షరాలుగా కట్టేశారు!

ఇక్కడ నీళ్లు తగ్గినప్పుడు ఇసుక మేట బయటపడుతుంది. సముద్రం దూరమైనా థేమ్స్‌కు ఇక్కడ ఆటుపోట్లు ఉన్నాయి. రోజుకు రెండుసార్లు నీటిమట్టం ఏకంగా 7 మీటర్ల దాకా తేడా వస్తుంది. ఒడ్డు గోడ మీద పాచి పట్టిన ఆకుపచ్చ గీత ఎంత ఎత్తులో ఉందో చూడండి, నీళ్లు అక్కడిదాకా వస్తాయి. అందుకే మెట్లు దిగి ఇసుకలోకి వెళ్లే సరదా వద్దు. పాత నాణేలు, పెంకులు వెతకడానికి పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి. తవ్వకుండా ఊరికే కళ్లతో వెతకడానికి కూడా.

బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర నదిలో ఏమీ మోయకుండా నిలబడ్డ ఎర్రటి స్తంభాలు కనిపిస్తాయి. పాత రైలు వంతెన తీసేస్తే మిగిలిన కాళ్లు అవి.

6. టేట్ మోడర్న్‌లో గంట, అంతకు మించి వద్దు.
పాత బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రాన్ని 2000లో కళా మ్యూజియంగా మార్చారు. చిమ్నీ ఎత్తు 99 మీటర్లు కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. శాశ్వత సేకరణకు టికెట్ లేదు, ప్రత్యేక ప్రదర్శనలకే. నది వైపు నుంచి కాకుండా పడమటి గుమ్మం చుట్టి వస్తే, ఏటవాలుగా దిగుతూ టర్బైన్ హాల్లోకి ప్రవేశిస్తారు. 35 మీటర్ల ఎత్తున్న ఆ ఖాళీ ఒక్కసారిగా ముందుకొస్తుంది. చక్రాల కుర్చీకీ ఆ వాలు పనికొస్తుంది.

తర్వాత ఒక్క అంతస్తు ఎంచుకోండి, రెండో నాలుగో. అన్నీ చూసేద్దామని మొదలుపెడితే మూడో గదికే కాళ్లు పీకుతాయి, మిగతా నడక బెంచీల మీదే గడుస్తుంది. ఆధునిక కళ మీద ఆసక్తి లేకపోతే టర్బైన్ హాలు చూసి, సీసాలో నీళ్లు నింపుకుని బయటపడండి. తప్పేం లేదు.

7. మిలీనియం వంతెన మధ్యదాకా వెళ్లి రండి.
2000 జూన్ 10న తెరిచారు, రెండు రోజులకే మూసేశారు. జనం నడుస్తుంటే వంతెన పక్కలకు కొద్దిగా ఊగింది. ఊగేసరికి పడిపోకుండా అందరూ ఆ ఊపుకు తగ్గట్టు అడుగులు వేశారు. అడుగులు కలిసేసరికి ఊపు ఇంకా పెరిగింది. ఊపును మింగే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు ఊగదు.

సెయింట్ పాల్స్ ఫోటో అందరూ తీస్తారు. మీరు వంగి కింద కూడా చూడండి. నడిచే పలకల గాడుల్లో అంటుకుపోయిన చూయింగ్‌గమ్ మీద బెన్ విల్సన్ అనే కళాకారుడు గోరంత రంగుల బొమ్మలు వేస్తుంటాడు. కొన్ని అరిగిపోతాయి, కొన్ని కొత్తగా వస్తాయి. ఒకటి దొరికితే మిగతావి వరుసగా కళ్లకు కడతాయి. వెనక వచ్చేవాళ్లను చూసుకుని వంగండి.

8. షేక్‌స్పియర్స్ గ్లోబ్.
అసలు థియేటర్ 1599లో కట్టింది. 1613లో నాటకంలో పేల్చిన ఫిరంగి నిప్పురవ్వకు గడ్డి కప్పు అంటుకుని కాలిపోయింది. ఇప్పుడున్నది 1997లో తెరిచారు, మళ్లీ గడ్డి కప్పుతోనే. లోపల నాటకం చూడాలంటే వేదిక ముందు నిలబడే టికెట్ అన్నింటికంటే చవక. కానీ షరతులున్నాయి: పైన కప్పు ఉండదు, గొడుగు తెరవకూడదు, కింద కూర్చోకూడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ టికెట్ కొనకండి.

9. నది మాయమయ్యే చోటు.
ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

సదర్క్ వంతెన కింద నుంచి వెళ్లాక యాంకర్ అనే పాత పబ్ వస్తుంది. అక్కడ ఒడ్డు బాట ఆగిపోతుంది. నది ఎడమవైపు ఉండాలన్న నియమం ఇక్కడ కాసేపు పక్కన పెట్టండి. పబ్ పక్కనుంచి రైలు వంతెన కమాను కిందికి దూరి క్లింక్ స్ట్రీట్‌లోకి వెళ్లండి. ఇరుకైన వీధి, రెండు పక్కలా ఎత్తైన ఇటుక గోడలు. సరైన దారేనా అనే అనుమానం వస్తుంది, సరైనదే. కాసేపటికి కుడివైపు పైకప్పు లేని రాతి గోడ, దానిలో గుండ్రటి పువ్వులాంటి కిటికీ కనిపించాలి. అది వించెస్టర్ ప్యాలెస్ శిథిలం. ఆ తర్వాత ఎడమవైపు పాతకాలపు ఓడ, గోల్డెన్ హైండ్ నమూనా. ఈ రెండూ కనిపించాయంటే దారి తప్పలేదు. కనిపించకపోతే యాంకర్ దాకా వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

ఓడ దాటి కుడికి ఒంపు తిరిగితే సదర్క్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చి. ప్రవేశం ఉచితం, విరాళం మీ ఇష్టం. షేక్‌స్పియర్ తమ్ముడు ఎడ్మండ్‌ను 1607లో ఇక్కడే ఖననం చేశారు.

10. బోరో మార్కెట్‌లో తిండి.
కెథీడ్రల్ పక్కనే. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్తే ప్లేటు పట్టుకుని నిలబడే చోటు కూడా దొరకదు, రెండున్నర తర్వాత నయం. మరీ ఆలస్యం చేయకండి, మామూలు రోజుల్లో అయిదింటికి మూసేస్తారు. ముందు ఒక రౌండ్ తిరిగి అన్నీ చూసి, తర్వాత కొనండి. మొదటి కొట్టు దగ్గరే కడుపు నింపుకుంటే తర్వాత బాధపడతారు. శాకాహారులు "వెజిటేరియన్?" అని అడిగి ఊరుకోకుండా, చేప, మాంసం రసం లాంటివి పడ్డాయేమో విడిగా అడగండి. ఫోన్ చేతిలో అలా ఊపుతూ నడవకండి, లాక్కుపోయేవాళ్లు ఉంటారు.

11. చివరి ముక్క, టవర్ బ్రిడ్జి.
కెథీడ్రల్ పక్కనున్న మాంటేగ్ క్లోజ్ వీధిలో లండన్ బ్రిడ్జి కింద నుంచి వెళ్తే టూలీ స్ట్రీట్‌లోకి వస్తారు. అక్కడ ఎడమవైపు దొరికిన మొదటి సందులో నది వైపు తిరగండి. నీళ్లు మళ్లీ ఎడమచేతి వైపు వచ్చాయంటే లెక్క సరిపోయినట్టే. ఇక నేరుగా హేస్ గ్యాలెరియా, బెల్ఫాస్ట్ యుద్ధనౌక, టవర్ బ్రిడ్జి.

రెండు గోపురాలున్నది టవర్ బ్రిడ్జి, 1894 నాటిది. చాలామంది దాన్నే లండన్ బ్రిడ్జి అనుకుంటారు. అసలు లండన్ బ్రిడ్జి మీరు ఇందాక కింద నుంచి దాటి వచ్చిన సాదా కాంక్రీటు వంతెన, 1973లో తెరిచింది. దాని ముందున్నదాన్ని అమెరికాకు అమ్మేశారు, ఇప్పుడది అరిజోనాలో ఉంది.

టవర్ బ్రిడ్జి ఏడాదికి దాదాపు 800 సార్లు తెరుచుకుంటుంది. ఏ రోజు ఎన్నింటికో దాని వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. ముందురోజు రాత్రి చూసుకుని, ఆ టైముకు ఇక్కడికి చేరేలా మిగతా నడక సర్దుకోండి. పది నిమిషాలు ముందుగా ఒడ్డునే నిలబడండి. వంతెన మీదికి వెళ్తే ఏమీ కనిపించదు.

మధ్యలో ఆపేయాలంటే

వాన దంచినా, పెద్దవాళ్లు అలిసిపోయినా మొండిపట్టు వద్దు. వాటర్లూ, సదర్క్, లండన్ బ్రిడ్జి, మూడూ జూబిలీ అనే మెట్రో లైన్ స్టేషన్లే. మూడింటిలోనూ జూబిలీ లైన్‌కు మెట్లు లేకుండా లిఫ్ట్‌లో దిగొచ్చు. బస్సెక్కితే ఎక్కేటప్పుడు ఒక్కసారే ట్యాప్ చేయాలి. గంటలోపు ఇంకో బస్సు మారితే మళ్లీ డబ్బు కట్ కాదు. అరరోజే ఉంటే వాటర్లూ నుంచి బోరో దాకా మాత్రం నడవండి, లండన్ ఐ ఎలాగూ వాటర్లూ వంతెన మీద నుంచి కనిపిస్తుంది.

పూర్తిగా నడిచినవాళ్లు తిరుగు ప్రయాణానికి కొంచెం వెనక్కి వచ్చి, లండన్ బ్రిడ్జి సిటీ పియర్ దగ్గర వెస్ట్‌మిన్‌స్టర్ వైపు వెళ్లే రివర్ బోటు ఎక్కండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అదే కార్డు ట్యాప్ చేయాలి. బస్సుకన్నా ఖరీదు ఎక్కువ. మెట్రో, బస్సులకు రోజు మొత్తానికి ఇంతకు మించి కట్ కాదనే పరిమితి ఉంటుంది, బోటు ఛార్జీ ఆ లెక్కలోకి రాదు. ఎక్కగానే ఎడమవైపు సీటు పట్టుకోండి, పొద్దుటి నుంచి మీరు నడిచిందంతా అటువైపే వెనక్కి వెళ్తూ కనిపిస్తుంది.